సెలవు గడువు దాటిన జవాను ఏం చేయాలి: ఊరి నుంచి ఆర్డర్లీ రూమ్ దాకా, అక్కడి నుంచి కోర్ట్ మార్షల్ దాకా

ఆర్మీలో సిపాయి ఉద్యోగానికి ఎసరు పెట్టే తప్పుల్లో అందరూ తేలిగ్గా తీసుకునేది సెలవు గడువు దాటడం. యూనిట్లలో దీన్ని ఓఎస్ఎల్ (ఓవర్ స్టేయింగ్ లీవ్) అంటారు. అసలు సెలవే లేకుండా వెళ్లిపోతే ఏడబ్ల్యూఎల్ (ఆబ్సెంట్ వితౌట్ లీవ్). రెండూ 1950 నాటి ఆర్మీ యాక్ట్ సెక్షన్ 39 కిందకే వస్తాయి. గరిష్ఠ శిక్ష 3 ఏళ్ల జైలు.

ఆ సెక్షన్‌లో ఒక తేడా ఉంది. సెలవు లేకుండా వెళ్లడం గురించి చెప్పే 39(ఎ)లో షరతులేవీ లేవు. గడువు దాటడం గురించి చెప్పే 39(బి)లో మాత్రం ‘తగిన కారణం లేకుండా’ అన్న షరతు ఉంది. అంటే గడువు దాటినంత మాత్రాన నేరం పూర్తి కాదు, తగిన కారణం లేదని తేలాలి. ఆ కారణానికి రుజువులు దొరికేది యూనిట్‌లో కాదు, మీ ఊళ్లో. యూనిట్‌కి వెళ్లాక వాటిని సంపాదించడం దాదాపు అయ్యే పని కాదు. కాబట్టి ఈ కేసులో సగం పని రైలు ఎక్కకముందే పూర్తి కావాలి.

ఇక్కడ చెప్పేది ఆర్మీలో జవాన్లు, ఎన్‌సీఓల (నాయక్, హవల్దార్ లాంటి ర్యాంకుల వాళ్ల) సంగతి. అగ్నివీరులకూ ఇదే చట్టం. జేసీఓలు (నాయబ్ సుబేదార్, సుబేదార్ లాంటివాళ్లు), అధికారుల విచారణ పద్ధతి వేరు. ఎయిర్ ఫోర్స్‌కు, నేవీకి వేరే చట్టాలున్నాయి. కమాండింగ్ ఆఫీసర్ ఒక్కరే కోర్టుగా కూర్చునే సమ్మరీ కోర్ట్ మార్షల్ అన్నది ఈ మూడింటిలో ఆర్మీలోనే ఉంది. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ వాళ్లకు ఈ చట్టం వర్తించదు.

1. లీవ్ సర్టిఫికేట్‌ను చదివి, ఫొటో తీసి పెట్టుకోండి

సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ముందు వెనక కలిపిన ఆదివారాలు ఎన్ని, ప్రయాణానికి ఇచ్చిన రోజులు ఎన్ని అన్నవి ఇందులో ఉంటాయి. జబ్బు చేస్తే ఎక్కడ రిపోర్ట్ చేయాలి, పొడిగింపు కావాలంటే ఎవరిని అడగాలి అన్న సూచనలు కూడా ఉంటాయి. వాటిని ఎవరూ చదవరు. రేపు సీఓ (కమాండింగ్ ఆఫీసర్) ముందు ‘నాకు తెలియదు సాబ్’ అంటే మీ సంతకం ఉన్న ఆ కాగితమే మీకు ఎదురు నిలుస్తుంది.

ఎంత సెలవు మిగిలి ఉందో కూడా లెక్క చూసుకోండి. జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి. అగ్నివీరుడికి ఏడాదికి మొత్తం 30 రోజులే. ఖాతాలో సెలవు మిగిలి ఉంటే, ఆలస్యమైన రోజులను అందులో సర్దే అవకాశం సీఓకు ఉంటుంది. ఏమీ మిగలకపోతే ఆయన సాయం చేయాలనుకున్నా దారి ఇరుకే.

2. గడువు ముగిసేలోపే పొడిగింపు అడగండి

కంపెనీ సీనియర్‌కి ఫోన్ చేస్తే ‘సరే, చూసుకుందాం, నువ్వు పని చూసుకుని రా’ అంటాడు. అది మంజూరు కాదు. అతను మంచివాడే కావచ్చు, నిజంగా సాబ్‌తో మాట్లాడే ఉండొచ్చు. అయినా పార్ట్ టూ ఆర్డర్లో (సెలవు లాంటివి నమోదయ్యే యూనిట్ ఉత్తర్వులో) ఎక్కేది రాతపూర్వక మంజూరు మాత్రమే. పొడిగించినట్టు జవాబు చేతికి రానంత వరకు సెలవు పాత తేదీకే ముగుస్తుందని అనుకోండి.

అడగాల్సిన పద్ధతి ఇది. గడువుకు కనీసం మూడు నాలుగు రోజుల ముందు యూనిట్ చిరునామాకు స్పీడ్ పోస్ట్ పంపి రసీదు దాచండి. అదే కాగితం ఫొటోను అడ్జుటెంట్ (సీఓకు పరిపాలనలో సాయపడే అధికారి) కార్యాలయానికి, కంపెనీకి వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో పంపండి. ఫోన్ చేస్తే ఎవరితో ఏ తేదీన ఏ సమయానికి మాట్లాడారో రాసుకోండి. కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ కూడా పనికొస్తుంది. ఉత్తరంలో ఇవి చాలు:

‘నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా యాన్యువల్ లీవ్‌పై ఉన్నాను. ఫలానా తేదీన మా నాన్నగారిని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చేర్చాము. ఆపరేషన్ ఫలానా తేదీన. ఇంట్లో చూసుకునే మగవాళ్లు వేరే లేరు. 10 రోజులు పొడిగించమని మనవి. అడ్మిషన్ కాగితం, డాక్టర్ సర్టిఫికేట్ జతచేశాను. నా ఫోన్ నంబరు, చిరునామా ఇవి.’

కథ వద్దు. ఎన్ని రోజులో అంకెలో చెప్పాలి. ‘పరిస్థితి బాగయ్యాక వస్తాను’ అని రాస్తే అది పొడిగింపు కోరడం కాదు, రానని చెప్పడం లాగా చదువుతారు.

3. కారణానికి తగ్గ కాగితం, సరైన చేతి నుంచి

మీకే జబ్బు చేస్తే మొదట వెళ్లాల్సింది దగ్గర్లోని మిలిటరీ ఆసుపత్రికి. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సికింద్రాబాద్, గోల్కొండ మిలిటరీ ఆసుపత్రులున్నాయి. విశాఖ వైపు వాళ్లకు నేవీ వారి ఐఎన్‌హెచ్ఎస్ కల్యాణి ఉంది. అక్కడ చేర్చుకుంటే యూనిట్‌కి కబురు అక్కడి నుంచే వెళుతుంది, మీ మీద అనుమానానికి తావుండదు. కదల్లేని స్థితి అయితే ప్రభుత్వ ఆసుపత్రి. ప్రైవేటు క్లినిక్ వాళ్లు లెటర్‌హెడ్ మీద రాసిచ్చే ‘బెడ్ రెస్ట్ 20 రోజులు’ కాగితానికి ఆర్డర్లీ రూమ్‌లో (సీఓ కేసులు వినే గదిలో) విలువ చాలా తక్కువ. అలాంటివి చూసీ చూసీ వాళ్లకు విసుగు పుట్టింది. ప్రైవేటులో చేరక తప్పకపోతే అడ్మిషన్, పరీక్షల రిపోర్టులు, బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ తీసుకోండి. ఒట్టి సర్టిఫికేట్‌తో సరిపెట్టుకోవద్దు.

తుపానుకో వరదకో రైళ్లు రద్దయితే స్టేషన్ మాస్టర్ దగ్గర రైలు నంబరు, తేదీ, ఎన్ని గంటల ఆలస్యం లేదా రద్దు అన్నది రాయించుకోండి. రద్దయిన టికెట్‌ను పారేయొద్దు. సికింద్రాబాద్ లాంటి పెద్ద స్టేషన్లలో ఎంసీఓ (సైనికుల ప్రయాణాలు చూసే ఆర్మీ కార్యాలయం) ఉంటుంది, అక్కడా నమోదు చేయించండి. భూమి తగాదా, ఇల్లు కూలడం, ఇంట్లో చావు లాంటివైతే తహసీల్దారు, పంచాయతీ కార్యదర్శి లాంటి ప్రభుత్వ ఉద్యోగి సంతకం కావాలి. ప్రభుత్వ ఉద్యోగే ఎందుకంటే, దానికి చట్టంలోనే ఒక కారణం ఉంది. అది 8వ మెట్టులో వస్తుంది.

సెలవులో ఉండగా స్థానిక పోలీసులు ఏదైనా కేసులో అరెస్టు చేస్తే దాచిపెట్టకండి. యూనిట్‌కి ఇంట్లోవాళ్లతో ఆ రోజే చెప్పించండి. ఎఫ్ఐఆర్, రిమాండ్, బెయిల్ కాగితాల నకళ్లు తీసుకోండి. బెయిల్ వచ్చిన మర్నాడే బయలుదేరాలి. జైల్లో ఉన్న రోజులకు వివరణ దొరుకుతుంది గానీ, బయటికొచ్చాక ఊళ్లో గడిపిన రోజులకు దొరకదు.

4. గడువు దాటిపోయింది: మొదటి 30 రోజులు

ఇక్కడే చాలామంది మనసు తప్పుదారి పడుతుంది. రెండు రోజులు ఆలస్యమైంది, వెళితే తిడతారు, ఇంకో నాలుగు రోజులు ఆగి మంచి సర్టిఫికేట్ తీసుకుని వెళదాం అనుకుంటారు. రెండు రోజుల ఆలస్యం చాలాసార్లు మందలింపుతోనో చిన్న శిక్షతోనో పోతుంది. ఆగిన ప్రతి రోజూ లెక్కలో చేరుతుంది.

ఈ లోపు యూనిట్ చేసే పని ఏమిటంటే, సెక్షన్ 105 కింద మిమ్మల్ని పట్టుకోవాలని జిల్లా పోలీసు అధికారులకు కాగితం పంపడం. దీన్నే అప్రెహెన్షన్ రోల్ అంటారు. ఇంటికి కూడా ఉత్తరం వస్తుంది. పారిపోయిన సిపాయి అని సహేతుకంగా నమ్మితే పోలీసులు వారెంట్ లేకుండానే అరెస్టు చేయవచ్చు. కానిస్టేబుల్ ఇంటికొచ్చి అడిగితే ‘ఇక్కడ లేడు, తెలియదు’ అని ఇంట్లోవాళ్లు అబద్ధం చెప్పడం వల్ల లాభం లేకపోగా, మీరు దాక్కున్నారన్న రికార్డు తయారవుతుంది. ఆసుపత్రిలో ఉంటే ఆ సంగతే చెప్పించండి.

జీతం సంగతి. సెక్షన్ 91 ప్రకారం గైర్హాజరైన ప్రతి రోజుకూ జీతం, అలవెన్సులు పోతాయి. రోజు లెక్కకు సెక్షన్ 92లో కొలత ఉంది: వరుసగా 6 గంటలు దాటితే రోజుగా పట్టవచ్చు. 12 గంటలు దాటితే, ఆ గైర్హాజరీ తాకిన ప్రతి తేదీనీ ఒక పూర్తి రోజుగా లెక్కించవచ్చు. శిక్ష పడినా పడకపోయినా ఈ కోత వేరు. కారణం సరైనదని ఒప్పుకుని సీఓ ఆ రోజులను సెలవుగా క్రమబద్ధం చేస్తేనే తప్పుతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మనిషి నిజంగానే కనిపించకుండా పోతే, అంటే యూనిట్‌కి బయలుదేరి అక్కడికి చేరకపోతే, వెంటనే పోలీస్ స్టేషన్‌లో మిస్సింగ్ ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ నకలు యూనిట్‌కి పంపండి. అది లేకపోతే కాగితాల్లో ఆయన పారిపోయినవాడే. కుటుంబానికి రావాల్సినవన్నీ అక్కడే ఆగిపోతాయి.

5. 30 రోజులు దాటితే

సెక్షన్ 106 కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. మీరు ఎప్పటి నుంచి లేరు, మీ పేరున ఇచ్చిన సామాన్లలో ఏవి లేవు అన్నది తేల్చి కోర్ట్ మార్షల్ పుస్తకంలో రాస్తారు. ఆ తర్వాత మీరు లొంగిపోకుండా, పట్టుబడకుండా ఉంటే డిజర్టర్‌గా (పారిపోయినవాడిగా) భావిస్తారు. డిజర్షన్ నేరం సెక్షన్ 38ది. మామూలుగా 7 ఏళ్ల దాకా జైలు. యాక్టివ్ సర్వీస్‌లో (యుద్ధ విధుల్లాంటి వాటిలో) ఉండగా గానీ, దానికి వెళ్లమని ఆదేశం వచ్చాక గానీ పారిపోతే మరణశిక్ష దాకా ఉంది.

అయితే ‘డిజర్టర్‌గా భావించడం’ వేరు, కోర్టులో డిజర్షన్ రుజువు కావడం వేరు. ఇక తిరిగి రాకూడదనో, ఫలానా డ్యూటీని తప్పించుకోవాలనో ఉద్దేశం ఉంటేనే డిజర్షన్. అది లేకపోతే ఎన్ని రోజులైనా సెక్షన్ 39 కిందే. ఆ ఉద్దేశాన్ని దేన్ని బట్టి పసిగడతారు? ఐడీ కార్డు, యూనిఫాం దగ్గరే ఉంచుకున్నారా, వేరే ఊళ్లో వేరే ఉద్యోగంలో చేరారా, యూనిట్‌కి ఒక్కసారైనా ఉత్తరం రాశారా, తమంతట తాము వచ్చారా, పోలీసులు పట్టి తెచ్చారా? 2వ మెట్టులో దాచమన్న స్పీడ్ పోస్ట్ రసీదు ఇక్కడ బంగారం.

ఛార్జ్ షీట్‌లో ఆఖరి వాక్యం రెండు రకాలుగా ముగుస్తుంది. ‘...ఫలానా తేదీన ఉదయం ఫలానా చోట స్వచ్ఛందంగా లొంగిపోయే వరకు’ అని ఒకటి. ‘...పోలీసులు పట్టుకునే వరకు’ అని రెండోది. శిక్ష వేసే అధికారి కన్ను ముందు పడేది ఆ వాక్యం మీదే.

లొంగిపోవడానికి సొంత యూనిట్‌కే వెళ్లనక్కర్లేదు. మీ రెజిమెంటల్ సెంటర్‌కు గానీ, దగ్గర్లోని మిలిటరీ స్టేషన్‌కు గానీ వెళ్లవచ్చు. ఆర్టిలరీ వాళ్లకు గోల్కొండ దగ్గర సెంటర్ ఉంది, ఈఎంఈ, ఏఓసీ వాళ్లకు సికింద్రాబాద్‌లో ఉన్నాయి. అక్కడి అధికారి మీరు లొంగిపోయిన విషయం, తేదీ, చోటు రాసి సంతకం చేసిన సర్టిఫికేట్‌ను సెక్షన్ 142 ప్రకారం కోర్ట్ మార్షల్‌లో సాక్ష్యంగా తీసుకుంటారు. అందులో తేదీ, సమయం సరిగ్గా పడ్డాయో లేదో చూసి నకలు అడగండి. గేటు దగ్గర ఉదయం నిలబడి, కాగితాల్లో మర్నాటి తేదీతో ఎక్కితే ఒక రోజు ఊరికే పోతుంది.

మూడేళ్లు దాక్కుంటే కేసు పోతుందన్న మాట ఊళ్లల్లో తిరుగుతుంటుంది. తప్పు. సెక్షన్ 122లో 3 ఏళ్ల గడువు ఉన్న మాట నిజమే. కానీ డిజర్షన్‌కు ఆ గడువు వర్తించదు. మిగతా నేరాలకు కూడా అరెస్టు తప్పించుకు తిరిగిన కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. పైగా రాకుండా ఉండిపోయిన వాళ్లను మామూలు కేసుల్లో 3 ఏళ్ల తర్వాత, ఫార్వర్డ్ ఏరియాల నుంచి లేదా ఆయుధంతో పారిపోయిన కేసుల్లో 10 ఏళ్ల తర్వాత పరిపాలనాపరంగా డిస్మిస్ చేస్తారు. డిస్మిస్ అయితే పెన్షన్ మామూలుగా ఉండదు, 15 ఏళ్లు నిండినవాడికి కూడా.

6. చేరాక: క్వార్టర్ గార్డ్ (యూనిట్ కస్టడీ), ఆర్డర్లీ రూమ్

కస్టడీలోకి తీసుకున్న సంగతి సీఓకు అందిన 48 గంటల్లో ఆరోపణ మీద విచారణ మొదలుకావాలని సెక్షన్ 102 చెబుతోంది. ఆదివారాలు, సెలవు దినాలు ఇందులో లెక్కకు రావు. విచారణ వీలుకాకపోతే కారణం పైకి రాయాలి. కోర్ట్ మార్షల్ ఆదేశించకుండా 8 రోజులకు మించి కస్టడీలో ఉంచితే, యాక్టివ్ సర్వీస్‌లో కాకపోతే, సెక్షన్ 103 ప్రకారం ప్రత్యేక నివేదిక పంపాలి. ఆ తర్వాత ప్రతి 8 రోజులకూ మళ్లీ. ఈ తేదీలు మీరూ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. వాదులాటకు కాదు, తర్వాత పిటిషన్‌లో కావాలి.

తర్వాత మార్చప్. టోపీ, బెల్ట్ తీసేసి సీఓ ముందు నిలబెడతారు. ఎడమ కుడి అరుపుల్లో రెండు నిమిషాల్లో ముగిసిపోయే తంతులా కనిపిస్తుంది. కానీ చట్టం దృష్టిలో ఇది 1954 ఆర్మీ రూల్స్‌లోని రూల్ 22 కింద జరిగే విచారణ. ఆరోపణను మీ ఎదుటే వినాలి. మీకు వ్యతిరేకంగా చెప్పే సాక్షులను మీరు ప్రశ్నించవచ్చు. మీ సాక్షులను పిలిపించమనవచ్చు, మీ మాట చెప్పవచ్చు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో నిందితుడికి రూల్ 180 కింద పూర్తి అవకాశం ఇచ్చి ఉంటే సీఓ ఈ విచారణను వదిలేయవచ్చు. గైర్హాజరీ కేసుల్లో ఆ ఎంక్వైరీ జరిగేది మీరు లేనప్పుడే కాబట్టి ఆ మినహాయింపు ఇక్కడ పొసగదు.

ఇక్కడ చేయాల్సింది ఒక్కటే: కాగితాల కట్ట చేతిలో పెట్టి, తేదీల వారీగా మూడు నాలుగు వాక్యాల్లో చెప్పడం. ‘సాబ్, ఫలానా తేదీన పొడిగింపు అడిగాను, రసీదు ఇది. ఫలానా తేదీన డిశ్చార్జ్ అయ్యాను, మర్నాటి రైలు టికెట్ ఇది.’ నకళ్లు ఇచ్చి అసళ్లు దగ్గరే ఉంచుకోండి. అసళ్లు ఫైల్లోకి వెళితే మళ్లీ కనపడతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

విన్నాక సీఓ ముందు ఉన్న దారులు నాలుగు: ఆరోపణ కొట్టేయడం, సెక్షన్ 80 కింద తానే శిక్ష వేయడం, పై అధికారికి పంపడం, సాక్ష్యం రాతలో తీసుకోమనడం లేదా కోర్ట్ మార్షల్‌కు ఆదేశించడం.

సెక్షన్ 80 కింద పడగలిగే పెద్ద శిక్షలు 28 రోజుల దాకా మిలిటరీ కస్టడీలో జైలు, 28 రోజుల దాకా డిటెన్షన్, 28 రోజుల దాకా లైన్లకే పరిమితం చేయడం. ఒక నెలలో 14 రోజుల జీతం దాకా జరిమానా, అదనపు గార్డ్ డ్యూటీలు కూడా ఉన్నాయి. ఎన్‌సీఓలకు జైలు, డిటెన్షన్, లైన్లకు పరిమితం చేయడం వేయకూడదు. రిప్రిమాండ్ (మందలింపు), సివియర్ రిప్రిమాండ్ వాళ్లకే, సిపాయికి కాదు.

చిన్న శిక్షే కదా అని వదిలేయకండి. పెద్ద శిక్షలు సర్వీసు రికార్డులో రెడ్ ఇంక్ (ఎర్ర సిరా) ఎంట్రీలుగా ఎక్కుతాయి. నాలుగు రెడ్ ఇంక్‌లు పడితే రూల్ 13 కింద ఇంటికి పంపే ప్రక్రియ మొదలుకావచ్చు. అయితే నాలుగు పడ్డాయి కాబట్టి బయటికి అని యాంత్రికంగా పంపకూడదని, సర్వీసు, పనిచేసిన కష్టతరమైన చోట్లు, తప్పుల స్వభావం చూడాలని 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. షోకాజ్ నోటీసు వస్తే జవాబులో ఈ తీర్పు పేరుతో పాటు మీరు చేసిన ఫీల్డ్ పోస్టింగ్‌ల జాబితా కూడా ఉండాలి.

7. సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్

గైర్హాజరీ ఎక్కువ రోజులైతే సాక్ష్యం రాతలో తీస్తారు. ఇది రూల్ 23. సాక్షులు మీ ఎదుట, మీకు వినపడేలా చెప్పాలి. మీరు అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబు రెండూ రాయాలి. మామూలుగా వచ్చే సాక్షులు హెడ్ క్లర్క్, కంపెనీ సీనియర్ జేసీఓ. వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు రెండే: ‘నేను పంపిన పొడిగింపు ఉత్తరం ఆఫీసులో అందిందా? అందితే ఏ జవాబు ఇచ్చారు?’ డాక్ రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటే ఆ ఒక్క జవాబుతో కేసు రూపం మారిపోతుంది. ‘ప్రశ్నలేవీ లేవు’ అని సంతకం పెట్టేస్తే తర్వాత ఎవరూ అడగరు.

చివర్లో మీ వాంగ్మూలం అడిగేముందు, చెప్పాలన్న బలవంతం లేదని, చెప్పింది రాసి సాక్ష్యంగా వాడవచ్చని హెచ్చరించాలి. రాసుకుని వచ్చి చదివితే మంచిది. హిందీలో తడబడేవాళ్లు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమని అడగాలి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టడం కన్నా ‘మళ్లీ చదవండి సాబ్’ అని రెండుసార్లు అడిగి మాట పడటం మేలు.

దీని తర్వాత కూడా సీఓ కేసు మళ్లీ విని కొట్టేయవచ్చు, లేదా సెక్షన్ 80తోనే ముగించవచ్చు.

8. సమ్మరీ కోర్ట్ మార్షల్

ఇది ఉద్యోగం ఉండటమో పోవటమో తేలే చోటు. సెక్షన్ 116 ప్రకారం కోర్టు అంటే సీఓ ఒక్కరే. ఇంకో ఇద్దరు అధికారులో జేసీఓలో కూర్చుంటారు గానీ తీర్పులో వాళ్ల ఓటు లేదు. సీఓ లెఫ్టినెంట్ కల్నల్ లేదా ఆ పైన అయితే ఒక ఏడాది దాకా, అంతకన్నా తక్కువైతే 3 నెలల దాకా జైలు వేయవచ్చు. డిస్మిసల్ కూడా వేయవచ్చు. ఇక్కడ తీర్పుకు మరో అధికారి ఖరారు అక్కర్లేదు, వెంటనే అమలు చేయవచ్చు.

ఇంత అధికారం ఒకరి చేతిలో ఉంది కాబట్టే, వెంటనే చర్య తీసుకోక తప్పని సందర్భాల్లోనే దీన్ని వాడాలని 2016లో విశవ్ ప్రియ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అంతకుముందు 1987లో, రంజిత్ ఠాకూర్ అనే సిగ్నల్‌మన్ తిండి తినమన్న ఆజ్ఞ మీరాడని ఏడాది జైలు, డిస్మిసల్ వేస్తే, అతను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే కోర్టులో కూర్చున్నాడని, శిక్ష తప్పుకు మించిందని కొట్టేసింది. సీఓ మీద మీరు ముందే రాతపూర్వక ఫిర్యాదు చేసి ఉంటే ఆ సంగతి విచారణ మొదట్లోనే చెప్పి రికార్డు చేయించండి.

విచారణకు ముందు చూసుకోవాల్సినవి: ఛార్జ్ షీట్ చేతికి ఏ రోజు ఏ గంటకు వచ్చింది? రూల్ 34 ప్రకారం ఆరోపణలు తెలియజేయడానికి, కోర్టులో నిలబెట్టడానికి మధ్య కనీసం 96 గంటలు ఉండాలి. యాక్టివ్ సర్వీస్ అయితే 24 గంటలు. ఇది తప్పనిసరి నిబంధన అని 2009లో ఎ.కె. పాండే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రసీదు మీద సంతకం పెట్టేటప్పుడు పక్కనే తేదీ, సమయం మీ చేత్తో రాయండి. వెనకటి తేదీ వేయమంటే వేయకండి.

రూల్ 129 కింద ఒక ‘ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్’ను పెట్టుకోవచ్చు. వకీలైనా, యూనిట్‌లోని అధికారైనా కావచ్చు. ఆయన పక్కనుండి సలహా ఇవ్వగలడు, ప్రశ్నలు సూచించగలడు. సాక్షులను అడగడం, కోర్టుతో మాట్లాడటం మాత్రం మీరే చేయాలి. ఊరకే కుర్చీ నింపే మనిషిని కాకుండా కేసు కాగితాలు చదివిన మనిషిని అడగండి.

అసలు ప్రమాదం ‘గిల్టీ’ అన్న మాటలో ఉంది. ‘ఒప్పేసుకో, సాబ్ చూసీ చూడనట్టు వదిలేస్తారు’ అని బ్యారక్‌లో అందరూ చెబుతారు. గిల్టీ అంటే మీరు ఒప్పుకునేది గడువు దాటిన వాస్తవాన్ని మాత్రమే కాదు, తగిన కారణం లేదని కూడా. ఆసుపత్రి కాగితాలు జేబులో పెట్టుకుని గిల్టీ అన్నవాడి కాగితాలను ఆ తర్వాత ఎవరూ విప్పి చూడరు. ఒప్పుకోలు నమోదు చేసేముందు ఆరోపణ ఏమిటో, ఒప్పుకుంటే ఏమవుతుందో మీకు అర్థమైందని కోర్టు నిర్ధారించుకోవాలి, అలా చేసినట్టు రాయాలి. ఇది రూల్ 115. కారణం ఉన్నవాడు చెప్పాల్సింది ‘నాట్ గిల్టీ’. అలా అనడం మొండితనం కాదు, ఎవరినీ ధిక్కరించడమూ కాదు. నిజంగా ఏ కారణమూ లేనివాడు ఒప్పుకుని, సర్వీసు, కుటుంబ స్థితి చెప్పి శిక్ష తగ్గించమనడమే దారి.

ఇప్పుడు 3వ మెట్టులో వాయిదా వేసిన సంగతి. సెక్షన్ 143 ఈ రకం కేసుల కోసమే రాసింది. గైర్హాజరీకి సహేతుకమైన కారణం చెప్పి, దానికి ప్రభుత్వ సర్వీసులోని ఫలానా అధికారి సాక్షి అని మీరంటే, కోర్టు ఆ అధికారికి రాసి, జవాబు వచ్చేదాకా విచారణ వాయిదా వేయాలి. సంతకంతో వచ్చిన జవాబును సాక్ష్యంగా తీసుకోవాలి. డాక్టర్‌నో తహసీల్దారునో శ్రీకాకుళం నుంచి పఠాన్‌కోట్ దాకా రప్పించనక్కర్లేదు. అడగాల్సిన మాట ఇది: ‘నా కారణానికి రుజువుగా ఫలానా ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్‌ను పేర్కొంటున్నాను. సెక్షన్ 143 కింద ఆయనకు రాయమని కోరుతున్నాను.’ రాతలో ఇచ్చి, ఇచ్చినట్టు ప్రొసీడింగ్స్‌లో ఎక్కించండి. పై అధికారులకు పిటిషన్ పెట్టేటప్పుడు దీనికన్నా గట్టి పాయింట్ దొరకదు.

9. శిక్ష పడ్డాక

ప్రొసీడింగ్స్ నకలు కోసం రూల్ 147 కింద వెంటనే దరఖాస్తు చేయండి. నకలు లేకుండా రాసిన పిటిషన్ గాలిలో రాళ్లేసినట్టే. సమ్మరీ కోర్ట్ మార్షల్ కాగితాలు డీజాగ్ (ఆర్మీ న్యాయ విభాగం అధికారి) పరిశీలన మీదుగా పై కమాండర్‌కు వెళతాయి. సెక్షన్ 162 కింద ఆయన కేసు మంచిచెడ్డలు చూసి తీర్పు రద్దు చేయవచ్చు, శిక్ష తగ్గించవచ్చు. ఒట్టి సాంకేతిక కారణాల మీద మాత్రం రద్దు చేయరు. కాబట్టి పిటిషన్‌లో మొదటి పేజీ మీ కారణానికి, రుజువులకు ఇచ్చి, 96 గంటల్లాంటి లోపాలను దాని తర్వాత పెట్టండి.

మీ వైపు నుంచి పంపేది సెక్షన్ 164 పిటిషన్. కేంద్ర ప్రభుత్వానికో, ఆర్మీ చీఫ్‌కో, నిర్దేశించిన పై అధికారికో పంపవచ్చు. జవాబు వచ్చిన తేదీ నుంచి 6 నెలల్లో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. పిటిషన్ వేసి 6 నెలలైనా జవాబు రాకపోతే ఆ దారి అయిపోయినట్టే భావించి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, కానీ అప్పటి నుంచి కూడా గడువు నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెన్నై బెంచ్ వర్తిస్తుంది. డిస్మిస్ అయి ఇంటికొచ్చినవాడు తాను ఉంటున్న ప్రాంతపు బెంచ్‌లో వేసుకోవచ్చు, యూనిట్ లేహ్‌లో ఉందని అక్కడి బెంచ్‌కు తిరగనక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. సమ్మరీ కోర్ట్ మార్షల్ శిక్ష డిస్మిసల్ గానీ, 3 నెలలకు మించిన జైలు గానీ అయితేనే 2007 నాటి చట్టం దాన్ని ట్రిబ్యునల్ పరిధిలోకి తెచ్చింది. అంతకన్నా తక్కువ శిక్ష అయితే 164 పిటిషన్ తర్వాత హైకోర్టు రిట్టే దారి. ట్రిబ్యునల్ తీర్పుల మీద కూడా హైకోర్టు రిట్ అధికారం పోలేదని 2023లో పరశోతం దాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

వకీలును కలిసేటప్పుడు తీసుకెళ్లాల్సినవి: లీవ్ సర్టిఫికేట్, పొడిగింపు ఉత్తరం, పోస్టల్ రసీదు, ఆసుపత్రి లేదా రైల్వే కాగితాలు, లొంగిపోయిన సర్టిఫికేట్, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్, ఛార్జ్ షీట్, ప్రొసీడింగ్స్, డిశ్చార్జ్ బుక్, పిటిషన్ నకలు, దాన్ని పంపిన రసీదు. ట్రిబ్యునల్ కేసులు వాదించిన అనుభవం ఉందో లేదో ముందే అడగండి. జిల్లా కోర్టు క్రిమినల్ ప్రాక్టీసులో ఎంత పేరున్నవాడైనా రూల్ 22 పేరు విననివాడైతే, ఫీజుతో పాటు ఆ 6 నెలలూ పోతాయి.